ఎండెక్కితే ఆగిపోయే అంబాసిడర్

ఈరోజు ఫిల్మ్‌నగర్ ఎత్తులో నా కారు మూడోసారి ఆగిపోయింది. దిగే ఓపిక కూడా లేదు. మెకానిక్ బానెట్ ఎత్తగానే వచ్చిన పెట్రోలు వాసనకు నాన్న గుర్తొచ్చాడు.

సినిమా కంపెనీల తెల్ల అంబాసిడర్లు మీకూ గుర్తుండే ఉంటాయి. నాన్న ఓ కంపెనీకి డ్రైవరుగా అలాంటిదే నడిపేవాడు. అది ఆగితే గంటదాకా స్టార్టయ్యేది కాదు. "ఇంకోసారి ఆగిందంటే పనికి రావొద్దు" అని మేనేజరు చెప్పేశాడు. ప్లగ్గులు మార్చినా లాభం లేకపోయింది.

ఓ మధ్యాహ్నం నాన్న భోజనానికొచ్చి బయల్దేరబోతే, యూసుఫ్‌గూడలో మా ఇంటి ముందే మొరాయించింది.

"పొద్దున ఎప్పుడైనా ఆగిందా?" అని అమ్మ అడిగింది.

"లేదు, ఎండెక్కాకే."

"అయితే వేడికేనేమో. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి చూడండి."

కాసేపటికి ఇంజను అందుకుంది. నాన్న మాత్రం స్టీరింగు మీద తలవాల్చి, "పని పోయిందనే అనుకున్నానే" అన్నాడు.

అమ్మ వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. అమ్మ ఆ కారెక్కడం నేను చూసింది ఆ ఒక్కసారే.