రాజీనామా అనే మాట

చొప్పదండి బడిలో మా తరగతి కప్పు కూలేలా ఉందని బాపు రెండుసార్లు చెప్పి వచ్చాడు. మూడోసారి కప్పే చెప్పింది. పెంకులు జారి నా కుడిచేతి ఎముక విరిగింది. "లెక్కల తప్పులకు పడాల్సిన దెబ్బలన్ని ఒక్కపారే తీరినయే అవ్వా," అంటే, ఏడుస్తున్న అవ్వ నవ్వింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వానాకాలం అది. బాపు నన్ను వెంటబెట్టుకుని కరీంనగర్ కచేరీలో అర్జీలు రాసే ముసలి మున్షీ దగ్గరికి పోయాడు.

"పటేలా, బడిల ఉన్నంతసేపు పిల్ల పైలం బడోళ్లదే. ఠాణల ఫిర్యాదు ఇయ్యచ్చు, పై దఫ్తర్ల అర్జీ పెట్టచ్చు, కోర్టుల దావా ఎయ్యచ్చు. నీకేం గావాలె?"

"కప్పు మంచిగ గావాలె. బిడ్డ మళ్ల గా బడిలనే సదువాలె. కొట్లాట నాకెందుకు?"

"గట్లయితే రాజీనామా రాస్త."

ఆ కచేరీలో రాజీనామా అంటే ఇరువైపులా రాజీ పడ్డ కాగితం. బడి కప్పు వేయించాలి, మేం దావా వేయకూడదు. లోపలంతా ఉర్దూ, పైన 'రాజీనామా' అన్న పేరు ఒక్కటే తెలుగు. పెద్దసారు సంతకం చేశాడు, బాపు వేలిముద్ర వేశాడు. బడికి కొత్త కప్పు వేయించారు. ఆ పెద్దసారుకు బదిలీ అయి, గుంటూరు వైపు నుంచి కొత్తాయన వచ్చాడు.

కట్టు విప్పాక బడికి పోయాను.

"నీ పేరు కొట్టేశాం కదమ్మాయ్. మీ నాన్న రాజీనామా ఇచ్చాడుగా," అన్నాడాయన. ఉర్దూ రాక ఆయన కాగితం పైన పేరొక్కటే చదివాడు; వాళ్ల వైపు ఆ మాటకు మానుకోవడమని అర్థం.

"నేనేం కొలువు జేసిన్నని రాజీనామా ఇస్త సారూ?"

ఆయన నవ్వాడు. బాపు వచ్చి అడిగితే తప్పు ఒప్పుకున్నాడు కూడా. కానీ రిజిస్టరు పైకి పోయిందట, జూన్‌లో చేర్చుకుంటాడట. అందాకా ఊరికే ఎందుకని అవ్వ బీడీల చాట నా ఒళ్లో పెట్టింది. జూన్ వచ్చింది గానీ, చాట దిగలేదు.

కొట్టేసిన ఆ ఏడే, చివరి వానల్లో, ఆకు తెచ్చే నెపంతో బడి గోడ పక్కనుంచి పోయేదాన్ని. కొత్త పెంకుల నుంచి లోపలికి చుక్క కారేది కాదు. హాజరు పిలుస్తూ పదహారు తర్వాత పద్దెనిమిది అనేవారు. పదిహేడు నాది. ఒకనాడు ఉండబట్టలేక, ఆ రెండంకెల సందులో బయటినుంచే "హాజర్" అన్నాను.

పిల్లలు గొల్లుమన్నారు.

"ఎవరది?" అన్నాడు సారు.

నేను గోడకు ఒదిగాను. చూరు కింద నిలబడి, పద్దెనిమిదో పిల్ల పలికేదాకా విన్నాను.