మా చెల్లిని ఎవరూ తిట్టేవారు కాదు

మా చిన్నప్పుడు... మా అమ్మ మా చెల్లిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "అమ్మడూ" అనేది. ఎందుకంటే దానికి పెట్టింది మా నాయనమ్మ పేరు, మంగాయమ్మ. అత్తగారి పేరు కోడలు నోటితో పలక్కూడదు కదా... ఇక తిట్టడమంటే సాక్షాత్తు అత్తగారిని తిట్టినట్టే!

అందుకని అది పాలగిన్నె తన్నేసినా అమ్మ నోరు మెదిపేది కాదు. అదే నేను గ్లాసు జారవిడిస్తే నాకు పడే తిట్లు వీధి చివరిదాకా వినిపించేవి.

పేరొక్కటే అయితే సరిపెట్టుకునేదాన్నేమో. నాయనమ్మ పోయాక పుట్టిన చెల్లికి ఆవిడ మొహమే వచ్చింది. అదే సొట్టబుగ్గ, అవే ఉంగరాల జుట్టు... కడియం దగ్గర మాది చిన్న నర్సరీ. మా ఊళ్ళో పోలిక చెప్పాలన్నా మొక్కల మాటే వచ్చేది. చుట్టాలు చెల్లి గడ్డం పట్టుకుని, మొహం వెలుతురుకి తిప్పి చూసి, "అంటు కట్టినట్టు దిగిపోయారండి మీ అమ్మగారు" అనేవారు నాన్నగారితో.

తర్వాత ఆ చూపులు నా మీదికి తిరిగేవి. "మరి పెద్దదానిది ఎవరి పోలికో..." అనేవారు.

నాన్నగారు నవ్వేసి, "అది టెంక మొక్కండి" అనేవారు. అంటు మామిడి తల్లి చెట్టులాగే కాస్తుంది. టెంక పాతితే వచ్చిన చెట్టు ఏం కాస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆయన సరదాకే అనేవారు... నాకు మాత్రం ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఎవరికీ చెందనిదాన్ననిపించేది.

ఓసారి కోపం పట్టలేక "ఒసేయ్ మంగాయమ్మా, నా రిబ్బనిచ్చేయవే" అని అరిచాను. అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది. నాన్నగారి ఎదురుగా వాళ్ళమ్మని ఒసేయ్ అన్నానట!

పదో తరగతిలో అనువంశికత పాఠం వచ్చింది. పొడుగు బఠానీ మొక్కలు, పొట్టి బఠానీ మొక్కలు... జన్యువులు, బహిర్గత లక్షణం, అంతర్గత లక్షణం... సైన్సు మేడంగారు ఇంట్లో అందరి చెవి తమ్మెలు చూసి రమ్మన్నారు, వేలాడుతున్నాయా, చెంపకి అతుక్కుని ఉన్నాయా అని. ఎంత ఆశగా చూశానో... అమ్మవి, నాన్నగారివి, చెల్లివి అన్నీ వేలాడేవే. నావి మాత్రం అతుక్కుని ఉన్నాయి. అక్కడా నేను వేరే!

మర్నాడు క్లాసులో ఆ సంగతి చెబుతుంటే ఏడుపొచ్చేసింది. మేడంగారు నన్ను దగ్గరికి పిలిచి, "లేనిది ఎక్కణ్ణుంచో ఊడిపడదమ్మా. అది మీ అమ్మగారిలోనూ నాన్నగారిలోనూ దాక్కునే ఉంది. ఇద్దరి నుంచీ అందింది కాబట్టి నీలో బయటపడింది" అన్నారు.

ఆ ధైర్యంతో ఇంటికొచ్చి అమ్మకి పాఠమంతా అప్పజెప్పాను. పోలికలు జన్యువుల వల్ల వస్తాయి తప్ప నాయనమ్మ మళ్ళీ పుట్టలేదని వాదించాను. అమ్మ పప్పు ఎనుపుతూ అంతా విని, "ఆ జన్యువులేవో మీ నాయనమ్మవే కదే" అంది. ఆ పూట కూడా మీగడ చెల్లి కంచంలోకే వెళ్ళింది.

పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు... నా కుళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పటికీ ఏ శుభకార్యంలోనైనా చెల్లి జడ చూస్తే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది.

మొన్న చెల్లి ఫోన్ చేసింది. దాని కూతురికి ఆరేళ్ళు. కొత్తగా రంగు వేయించిన గోడ నిండా పెన్నుతో గీసేసిందట.

"తిడదామని నోరు తెరిచానక్కా. అచ్చం నీలాగే మూతి ముడుచుకుని చూసింది. నిన్ను తిట్టినట్టుంటుందని ఊరుకున్నాను" అంది.

మళ్ళీ తనే అంది. "ముక్కు నీదే, మొండితనం నీదే, ఆ చెవులు కూడా నీవే. మోసింది నేను, పోలిక నీది... నాకు కుళ్ళుగా ఉందే అక్కా."

ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ మాట కోసం... తీరా విన్నాక నా చెయ్యి నా చెవి తమ్మె మీదికి వెళ్ళింది.

ఇప్పుడు పోలికలు చూడ్డానికి ఎవరూ ఇంటికి రావడం లేదు. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి గ్రూపులో పంపిస్తే అయిపోతోంది. గడ్డం పట్టుకుని, మొహం వెలుతురుకి తిప్పి చూసే ఆ చేతులేవీ...

మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరి పోలిక అనేవారు? ఎవరి పోలికా కాదనిపించుకున్నవాళ్ళుంటే ముందు మీరే చెప్పండి... టెంక మొక్కల బాధ నాకు తెలుసు.