పేరు బిళ్లలు

మా ఎలక్ట్రీషియన్ మాస్టారు పోయారన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో పంపిన శుభోదయం పూల బొమ్మకీ, ఇంకెవరో అమ్మకానికి పెట్టిన బైకు ఫొటోకీ మధ్యన "సార్ ఇక లేరు" అని చిన్న ముక్క. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడిపోతున్నాయి. ఆయన నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నారని ఆ గ్రూపులో ఒక్కరూ అనలేదు. పోయాక మాత్రం అన్ని చేతులూ లేచాయి. నేను షాపులో కాలిన మోటారు విప్పుతున్నాను. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక మళ్లీ స్పానర్ పట్టుకున్నాను.

స్మృతి అంటే తీయగా రాయాలంటారు. ఆయన గురించి అయితే రాయగలను. ఆయనకు జరిగినదాని గురించి తీయగా రాయలేను. చదివేవాళ్లు మన్నించాలి.

వెంకటాచలం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో, రొయ్యల గుంటల మధ్యన ఉండేది మా ఐటీఐ. ప్రైవేటుది. పదో తరగతిలో మార్కులు రానివాళ్లు, ఇంటర్ చదివించే ఓపిక లేని ఇళ్లవాళ్లు చేరే చోటని ఊళ్లో అందరికీ చిన్నచూపు. నన్ను చేర్చడానికి మా నాన్న వెళ్తే ఆఫీసులో గుమాస్తా నవ్వాడు.

"ఆడపిల్లకి కరెంటు పనేంది భాయ్?"

లోపలి నుంచి మాస్టారు వచ్చారు. చొక్కా పై బొత్తానికి ఎప్పుడూ ఒక కాటన్ దారం ముక్క చుట్టుకుని ఉండేది, మోటారు తీగ చుట్టలు కట్టేటప్పుడు వెతుక్కోకుండా. "పట్టుకున్నది ఆడో మగో కరెంటుకేం తెలుస్తాదిలే సామీ, రాసుకో" అన్నారు. అలా నేను ఆయన శిష్యురాలినయ్యాను.

అప్పటికి మా దగ్గర విద్యార్థి సంఘం అని ఒకటి ఉంది, కాగితం మీద. ఆగస్టు పదిహేనుకి రంగు కాగితాలు అంటించడం, సంస్థ నడిపే కరస్పాండెంటుగారి పుట్టినరోజుకి కేకు తేవడం దాని పని. మాస్టారు దానికి ఇన్‌చార్జి అయ్యాక కేకు మానేసి మోటార్లు తెప్పించారు. రొయ్యల గుంటల్లో నీళ్లను చిలికి గాలి అందించే ఏరేటర్లు ఉంటాయి కదా, వాటి మోటార్లు ఉప్పుగాలికి ఊరికే కాలిపోతాయి. రిపేరుకి నెల్లూరు పంపితే ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. "ఆ మోటార్లు సంఘం తీసుకుంటాది. ఎవురేది చుట్టాలో, రైతుతో ఎవురు మాట్లాడాలో మీరే తేల్చుకోండి. నన్నడగబాకండి" అన్నారు.

మా మీటింగులు మోటార్లకి తీగ చుట్టే వైండింగ్ బల్ల చుట్టూ నిలబడే జరిగేవి. కుర్చీలేస్తే ఎవరు ముందు వరసలో కూర్చోవాలన్న తగాదాతోనే పొద్దుపోతుందని ఆయన అభిప్రాయం. అధ్యక్షుడిగా ఎన్నికైనవాడు మొట్టమొదట చేయాల్సింది ఉపన్యాసం కాదు, తిట్టడానికొచ్చిన రైతుకి ఎదురెళ్లి మాట్లాడటం.

అసలు సంగతి బిళ్లలది. చుట్టడం పూర్తయిన ప్రతి మోటారుకీ ఒక అల్యూమినియం బిళ్ల బిగించాలి. ఫిట్టర్ పిల్లలు కోసి ఇచ్చేవాళ్లు. దాని మీద ఆ మోటారు చుట్టినవాళ్ల పేరు, పంచ్ పెట్టి సుత్తితో ఒక్కో అక్షరమే కొట్టాలి. సంస్థ పేరు కాదు, మాస్టారి పేరు అసలే కాదు. మొదటిసారి నా పేరు కొట్టబోయి సుత్తి కింద పెట్టేశాను. మోటారు మళ్లీ ఒకసారి చూసుకుంటానన్నాను. ఆయన నవ్వారు.

"పేరు కొట్టడానికి భయమేసిందంటే పని ఇంకా అయిపోలేదని లెక్క. చూసుకో పో మే."

చూసుకున్నాను. నిజంగానే ఒక జాయింటు వదులుగా ఉంది.

ఆ బిళ్లల వల్లే రైతులు మమ్మల్ని పేరు పెట్టి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. "షమీమ్ అంటే ఎవురబ్బయా, మా మోటారు సంవత్సరం నుంచి ఒక్కసారి కూడా కాలిపోలా" అని ఒకాయన వచ్చి, ఎదురుగా నన్ను చూసి నోరు తెరిచాడు. ఇవాళ హైవే పక్కన నాకొక షాపుందంటే ఆ నోరు తెరవడమే పెట్టుబడి. మా బ్యాచిలో చాలామందికి పని దొరికింది సర్టిఫికెట్లతో కాదు, గుంటల గట్ల మీద తిరిగిన ఆ పేర్లతో.

మోటారు టెస్టింగుకి స్విచ్ వేయగానే మాస్టారు కళ్లు మూసుకునేవారు. చర్చికి వెళ్లే మనిషి కదా, ప్రార్థన అనుకునేవాళ్లం. "ప్రార్థనా సార్?" అని ఒకసారి అడిగేశాను. "కాదు మే, చప్పుడు వింటా ఉండా. నోరు ముయ్యి."

ఇక చేదు భాగం. ముసురు పట్టిన రోజులు. తీగ చుట్టాక వార్నిష్ పోసి బాగా ఆరబెట్టాలి. మా దగ్గర ఓవెన్ లేదు, ఎండే మా ఓవెన్. ఆ వారమంతా ఎండ లేదు. మాస్టారు పరీక్షల డ్యూటీకి నెల్లూరు వెళ్లారు. ఒక రైతు గేటు దగ్గర నిలబడి "ఈపొద్దే కావాల, గుంటలో సరుకు పోతా ఉంది" అని ప్రాణం తీశాడు. అప్పటి మా అధ్యక్షుడు సుధాకర్ జాలిపడి, తాను చుట్టిన మోటారుని పచ్చి మీదే ఇచ్చేశాడు. బిళ్ల బిగించి మరీ ఇచ్చాడు. తెల్లారేసరికి అది కాలిపోయింది, గుంటలో సగం రొయ్యలు చచ్చి తేలాయి.

రైతు మోటారుని ఆటోలో వేసుకొచ్చి ఐటీఐ మెట్ల మీద పడేశాడు. "ఎవుర్రా ఈ సుధాకరు?"

కరస్పాండెంటుగారు బయటికొచ్చారు. నెల్లూరు నుంచి అప్పుడే దిగిన మాస్టారూ వచ్చారు కానీ సుధాకర్‌కి అడ్డం నిలబడలేదు, పక్కన నిలబడ్డారు. సుధాకర్ ముందుకెళ్లి "నేనేనన్నా. ఆరకుండా ఇచ్చినాను, తప్పు నాదే" అన్నాడు. రైతు చెయ్యెత్తి, ఎందుకో దించేశాడు. ఆ రోజు సంఘమంతా ఆయన గుంటలో దిగాం. మిగిలిన రొయ్యల్ని బురదలో నిలబడి పట్టి లారీకి ఎత్తించాం. మాస్టారూ ప్యాంటు మడిచి దిగారు. పొద్దుగూకే వేళకి ఆ రైతే సుధాకర్‌కి టీ ఇచ్చి "ఈసారన్నా ఆరబెట్టి ఇయ్యి నాయనా" అన్నాడు. నష్టపోయిన మనిషి చల్లబడ్డాడు. చిల్లిగవ్వ నష్టపోని కరస్పాండెంటుగారు మాత్రం చల్లబడలేదు.

"మంచి పేరేమో పిల్లకాయలకి, చెడ్డ పేరేమో నాకా? బిళ్లలు పీకేసి మన సంస్థ స్టిక్కర్లు అంటించండి."

"సంఘం పిల్లలది సార్. వాళ్లనడగండి" అన్నారు మాస్టారు.

అడిగారు. బల్ల చుట్టూ నిలబడి మేం అందరం బిళ్లలే ఉండాలని చేతులెత్తాం. ఎంత సంతోషపడ్డామో ఆ పూట! ఆ సంతోషానికి ఎవరు మూల్యం చెల్లిస్తారో మాకు తెలియదు, ఆయనకు తెలుసు. తెలిసీ మా వైపు చూసి తల ఊపారు.

తర్వాతి వారం సంఘం రద్దయింది. వర్క్‌షాపులోకి బయటి మోటార్లు రాకూడదని నోటీసు పెట్టారు. పంచ్‌ల పెట్టె ఆఫీసు బీరువాలోకి పోయింది. దాని స్థానంలో 'స్కిల్ క్లబ్' వచ్చింది. దానికి టీషర్టులు, కుర్చీలు, కరస్పాండెంటుగారే ఏరుకున్న అధ్యక్షుడు. మాస్టారిని పాఠాల నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు, ఆలస్యంగా వచ్చేవాళ్లను ఆపడానికి. ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషికి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ఈల.

ఆయన అక్కడా ఊరుకోలేదు. ఆలస్యంగా వచ్చినవాడు ఒక ప్రశ్నకి జవాబు చెప్తే లోపలికి వదిలేవారు. చెప్పలేకపోతే ఆయనే నేల మీద పుల్లతో గీసి చెప్పేవారు. కొందరు కావాలనే ఆలస్యంగా వచ్చేవాళ్లని విన్నాను.

నేను షాపు పెట్టాక వెళ్లి బతిమాలాను. "ఆ ఈల వాళ్ల మొహాన కొట్టి రండి సార్. నా దగ్గర కూర్చోండి చాలు."

"నీ షాపు మీద నీ పేరే ఉండాల మే. నేనొచ్చి కూర్చుంటే మాస్టారి షాపంటారు" అన్నారు. రాలేదు. రిటైరయ్యేదాకా ఆ గేటు దగ్గరే ఉన్నారు. నాకు ఇప్పటికీ మండుతుంది.

మాస్టారిని సమాధి చేసింది వాళ్ల ఊరి చివర, ఇసకదిబ్బల పక్కనున్న సమాధుల దొడ్డిలో. పాస్టరుగారి ప్రార్థన అవుతుండగా కారు వచ్చింది. కరస్పాండెంటుగారు, వెనకాల ఫొటోగ్రాఫరు, ఇద్దరు మోసుకొచ్చిన పెద్ద పూలచక్రం, దానికి అడ్డంగా బంగారు అక్షరాల రిబ్బను. ఆయన గొంతు సవరించుకుని మాట్లాడారు కూడా. "జిల్లాలో ప్రతి రొయ్యల గుంట దగ్గరా మన సంస్థ పేరు నిలబెట్టిన మనిషి" అన్నారు. సుధాకర్ నా పక్కనే ఉన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అందరూ కదిలాక మాస్టారి భార్య నన్ను దగ్గరికి పిలిచింది. ఆమెకి చూపు ఆనదు.

"ఆ రిబ్బను మీద ఏం రాసినారు మే?"

చదివాను. సంస్థ పేరు, కింద కరస్పాండెంటుగారి పేరు.

"మరి ఈయన పేరో?"

"లేదమ్మా."

ఆమె నా చెయ్యి పట్టుకుని, మట్టికుప్ప ఎటువైపుందో అటు తిరిగి నిలబడింది.

మూడో రోజు ప్రార్థనకి మళ్లీ వెళ్లాను. పూలన్నీ మేకలు తినేశాయి. రిబ్బను మాత్రం చిల్లకంప ముళ్లకి చిక్కుకుని సముద్రపు గాలికి రెపరెపలాడుతోంది. బంగారు అక్షరాలు రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.