దొడ్డి బయటి రాయి

మా మామ పోయారు. పొద్దున మంద విప్పే వేళకు మా ఆయన గొర్రెల దొడ్డిలోంచి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి, "నాయన లేయడంల్యా" అన్నారు. మంట వైపే చూస్తూ, "గొర్రెలు చుట్టూ నిలబడుకోని ఉండాయి. ఒగటీ అరవడంల్యా" అన్నారు. మామ కోసం పలచగా కాస్తున్న రాగిజావ అప్పుడే పొంగుకు వచ్చింది. దాన్ని దించాలో, అట్లాగే వదిలి పరిగెత్తాలో నాకు తెలియలేదు. దించి, మూత పెట్టి, అప్పుడు వెళ్లాను.

ఆళ్లగడ్డ దగ్గర మా పల్లెలో మామను తెలియనివాళ్లు లేరు. బయటివాళ్లకు చెప్పాలంటే మాత్రం నల్లగొర్రెలు మేపుకుని బతికిన ఒక ముసలాయన, అంతే. నాకు ఆయన ఏమిటో మీకు తెలియాలంటే మా ఇద్దరి మధ్య మాటలు ఎట్లా నడిచేవో చెప్పాలి.

మావాళ్లలో కోడలు మామ ఎదుట నిలబడి మాట్లాడదు. చెప్పాల్సింది అత్తతో చెబుతుంది, అత్త మామతో చెబుతుంది. మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. మా ఆయన మందను తోలుకుని పొద్దున పోతే చీకటి పడేటప్పుడే ఇల్లు చేరేవారు. మామకు మోకాళ్ల నొప్పులు. దూరం పోవడం మానేసి, చిన్నపిల్లలనూ ఈనబోయే గొర్రెలనూ చూసుకుంటూ దొడ్డి దగ్గరే ఉండేవారు. పగలంతా ఇంట్లో ఆయనా నేనూ మాత్రమే. మాటలు మోసే మనిషి లేరు. అప్పుడు తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల ఒకటి వసారా గుంజకు కట్టేసి ఉండేది. మామ దాన్ని పనిలో పెట్టుకున్నారు.

"ఏమే పిల్లా, ఇంట్లో ఉప్పు అయిపోయిందేమో అడుగు" అనేవారు బయటి నుంచి.

నేను తలుపు చాటు నుంచి, "పిల్లా, ఉప్పు ఉంది, చింతపండే లేదని చెప్పు" అనేదాన్ని.

గొర్రెపిల్ల మే అనేది. "వినపడింది లేవే, ఊరంతా చాటొద్దు" అనేవారు మామ.

కొత్తలో నాకు కడుపునిండా వడ్డించుకోవాలన్నా సిగ్గే. మిగిలితే తినడం, లేకుంటే నీళ్లు తాగి పడుకోవడం. గొర్రెపిల్లకు పాలు పట్టేది నేనే గనుక మామ లెక్కలో దాని అమ్మను నేనే. ఒక మధ్యాహ్నం ఆయన దాన్ని అడిగారు. "ఈపొద్దు మీ అమ్మ తిన్యాదా? కుండ మీద మూత తీసిన శబ్దం నాకు వినపడల్యా."

"తిన్నానని చెప్పు పిల్లా."

"అబద్ధాలు జెప్పొద్దని చెప్పు. గొర్రె అడగదు, మనమే చూసుకోవల్ల. ఈయమ్మా అట్లనే ఉంది."

ఆ రోజు నుంచి నేను మూతను కావాలనే కుండకేసి చప్పుడు చేసి తినేదాన్ని.

పోయిన ఏడాది ఎండలు ముదిరేటప్పుడు మామ చిక్కిపోవడం మొదలుపెట్టారు. బయటికి పోయినప్పుడు రక్తం పడుతోందని మా ఆయనకు కూడా చెప్పుకోలేదు. కళ్లు తిరిగి దొడ్డిలో పడిపోయాక నంద్యాలకు తీసుకుపోతే, పెద్దపేగులో గడ్డ ఉందన్నారు. కర్నూలులో ఆపరేషన్ అయింది. అన్నాళ్లూ మందను బంధువుల మీద వదిలి మా ఆయన తండ్రి దగ్గరే ఉన్నారు. మళ్లీ వదిలే వీలు లేకపోయింది. అందుకని ఆపరేషన్ తర్వాత మందుల కోసం నంద్యాల డాక్టరు దగ్గరికి మామ వెంట పోయే పని నాకు వచ్చింది. ఐదో తరగతి దాకా చదివాను గనుక చీటీలూ మందుల పేర్లూ కూడబలుక్కుని చదవగలను.

బస్సులో నేను ముందు ఆడవాళ్ల సీట్లలో, మామ వెనక. దిగాల్సిన చోటు వస్తే ఆయన గట్టిగా దగ్గేవారు. అదే నాకు పిలుపు.

మొదటిసారి పోయినప్పుడు మామను డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"పెద్దాయనా, కంటికి కనబడిన గడ్డంతా కర్నూలులో తీసేశారు. కనబడనిది ఎక్కడైనా మిగిలి ఉంటే అది పెరగకుండా మందు వాడాలి. రెండు దారులున్నాయి" అన్నారు డాక్టరు. "ఒకటి, సూది ఒక్కటే. వారం వారం వచ్చి నరానికి వేయించుకుని పోవచ్చు. రెండోది, అదే సూది, దాంతోపాటు బిళ్లలు."

"రెండింట్లో ఏది మంచిది సార్?"

"కలిపి ఇస్తే మేలని కొందరు డాక్టర్లు అనుకుంటున్నారు. ఇంకా తేలలేదు. నా మనసు అటే కాస్త మొగ్గుతోంది గానీ, ఖాయంగా చెప్పలేను."

తెలియదని ఒప్పుకున్న డాక్టరు మామకు బాగా నచ్చారు. ఆ తర్వాత ఎవరడిగినా, "ఆయప్ప నిజం జెప్తాడు" అనేవారు.

"ఇంకో మాట. మీరు గొర్రెలవాళ్లు కదా, నవ్వుతారేమో" అన్నారు డాక్టరు. "గొర్రెల కడుపులో పురుగులు చావడానికి పోస్తారే, ఈ బిళ్ల అదే మందు."

"నట్టల మందా?" మామ నిజంగానే నవ్వారు. కుట్లు లాగాయేమో, పొట్ట పట్టుకుని నవ్వారు. "దానికి నంద్యాల దాకా యాల రావల్ల సార్? ఆళ్లగడ్డ పశువులాసుపత్రిలో నోరు తెరిస్తే పోసి పంపుతారు గదా!"

డాక్టరు కూడా నవ్వారు. నవ్వి, మిగిలింది చెప్పారు. రెండూ కలిపి వాడితే జబ్బును ఆపే శక్తి ఒంట్లో బాగా తగ్గిపోవచ్చు. చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మందు వాడే ఏడాది దొడ్డిలోకి పోకూడదు, గొర్రెను తాకకూడదు, ఈనేటప్పుడు చెయ్యి పెట్టకూడదు. సూది ఒక్కటే అయితే ఒళ్లు చూసుకుంటూ కొద్దికొద్దిగా పని చేసుకోవచ్చు.

మామ నవ్వు పోయింది. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని దాని అంచు సర్దుతూ కూర్చున్నారు. "గొర్రెను ముట్టుకోకుండా బతికి నేనేం జేయల్ల సార్?" అన్నారు చివరికి.

"మీ వెంట ఎవరైనా వచ్చారా?"

"కోడలొచ్చింది. తలుపెనక ఉంది. నాతో మాట్లాడదు సార్, మావోళ్లలో మాట్లాడరు."

"అయినా అడగండి."

అక్కడ గొర్రెపిల్ల లేదు. మామ కుర్చీలో ఇటు తిరిగి, "ఓ తలుపా, మా కోడలేమంటాదో కనుక్కో" అన్నారు. పక్కనున్న నర్సు కిసుక్కుమంది.

నాకు నవ్వు రాలేదు. కుండ మూత శబ్దం కోసం చెవి పెట్టే మనిషి లేని ఇల్లు నాకు కళ్ల ముందు కనబడింది. జవాబు తలుపుకే చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచేసరికి ‘మామా’ అనే వచ్చింది. "మామా, రెండూ తీసుకోండి. గొర్రెలను నేను చూసుకుంటా."

 మామ డాక్టరుతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మాట్లాడింది సార్. రాసేయండి."

ఇంటికొచ్చాక మళ్లీ గొర్రెపిల్లతోనే మాటలు. నా బిడియం తెలిసి ఆయనే ఆ పద్ధతి నిలబెట్టారు. అది అప్పటికి పెద్దగొర్రె అయి, మందతో మేతకు పోకుండా దొడ్డిలోనే ఉండేది. అయినా దాని పేరు పిల్లే.

దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంప బయట ఒక నాపరాయి ఉంది. మామ దాని మీద కూర్చోవడం మొదలుపెట్టారు. తుమ్మకాయలు ఒళ్లో పోసుకుని, వాటిని ఒక్కొక్కటి కంప సందులోంచి లోపలికి వేసేవారు. గొర్రెలు వచ్చి మూతులు బయటికి పెట్టేవి. ముట్టుకోకూడదు కదా, చెయ్యి వెనక్కి తీసుకునేవారు. ఆ చోట ముళ్లకు నల్లటి బొచ్చు కుచ్చులు కుచ్చులుగా చిక్కుకుంది.

బిళ్ల వేసుకున్నాక ఆయన మూతి వంకరపోయేది. "మా గొర్రెలు ఎట్ల తాగినాయో పాపం" అనేవారు. సూది వేసిన రోజు నంద్యాల బియ్యం మిల్లుల దగ్గర ఊక వాసన తగిలినా ఆయనకు కడుపులో తిప్పేది. బస్సు ఆ దారి దాటేదాకా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు.

ఆసుపత్రి బల్ల మీద మామకు ఒక జత దొరికింది. కొలిమిగుండ్ల నుంచి వచ్చే పెద్దమ్మ. ఆమెదీ అదే జబ్బు, అదే ఆపరేషన్. ఆమె సూది ఒక్కటే చాలనుకుంది. కలిసినప్పుడల్లా ఇద్దరూ తమ తమ మందులను పోటీకి దింపేవారు.

"నీ నోరెట్లుందన్నా?"

"ఇనుప గొలుసు నాకినట్లుందమ్మా. నీకు?"

"పుండ్లు. కారం తగిల్తే పానం పోతాది."

"అయితే నా మందే మేలు. నేను కారం తింటాండా."

"తింటాండావ్, కక్కుతాండావ్! నేను మొన్న చేన్లో కలుపు తీసినా. నువ్వేం జేస్తివి?"

"రాయి మీద కూర్చుంటి" అనేవారు మామ. ఇద్దరూ నవ్వుకునేవారు. ఇద్దరి కళ్లల్లోనూ భయం నాకు కనబడేది.

ఒక వారం ఆమె రాలేదు. తర్వాతి వారం కూడా రాలేదు. మామ నర్సును అడిగారు. నర్సు తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు బస్సు ఆళ్లగడ్డ చేరినా మామ దగ్గలేదు. నేనే లేచి వెనక్కి వెళ్లి, "మామా, దిగాలి" అన్నాను. ఆయన కిటికీలోంచి ముఖం తిప్పకుండానే, "ఆయమ్మ చేనన్నా చూసుకున్యాది" అన్నారు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మామకు రాయి మీద కూర్చునే బతుకును ఇచ్చింది నేనే కదా.

ఒక సాయంత్రం ఈనే గొర్రె ఒకటి కష్టపడింది. మా ఆయన ఇంకా తిరిగి రాలేదు. నేను దొడ్డిలోకి పోయాను. మామ కంప బయట, రెండు చేతులూ మోకాళ్ల మీద బిగించుకుని కూర్చున్నారు.

"మూతి కనపడ్తాందా?"

"కనబడుతోంది మామా."

"ముందు కాళ్లు?"

"ఒకటే ఉంది."

"రెండోది లోపల మడుచుకున్యాది. లాగొద్దు! నిదానంగా ఎనక్కి నెట్టు. ఆ... ఇప్పుడు ఏలు పోనిచ్చి కాలు ముందుకు తీయి. బెదరొద్దమ్మా, నేను ఈడనే ఉండా."

పిల్ల పడింది. నోట్లో జిగట తీసి, కాళ్లు పట్టి ఊపితే దగ్గి, తర్వాత అరిచింది. అప్పుడు గుర్తొచ్చింది మా ఇద్దరికీ, ఇంతసేపూ నేరుగా మాట్లాడుకున్నామని. నేను కొంగు ముఖానికి లాక్కున్నాను. మామ గొంతు సవరించుకుని, దొడ్డి మూలనున్న మా పాత పిల్లతో, "పిల్లా, మీ అమ్మకు చేతులు కడుక్కోమని చెప్పు" అన్నారు.

ఏడాది నిండలేదు. మామ కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. డాక్టరు చేత్తో నొక్కి చూసి, మందుల చీటీ మడిచి పక్కన పెట్టారు. "బిళ్లలు ఆపేద్దాం పెద్దాయనా. సూది కూడా వద్దు" అన్నారు.

మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగారు. "అయితే దొడ్డిలోకి పోవచ్చునా సార్?"

"పోవచ్చు. మీ ఇష్టమొచ్చినట్లు ఉండండి."

మామ చేతులు జోడించి దండం పెట్టారు. అడిగినాయనకూ, చెప్పినాయనకూ, తలుపు వెనక ఉన్న నాకూ ఆ ‘పోవచ్చు’ అంటే ఏమిటో తెలుసు.

బస్సు దిగి ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా దొడ్డిలోకి పోయారు. మంద అప్పుడే తిరిగొచ్చింది. గొర్రెలు అలవాటు కొద్దీ కంప దగ్గరికి పోయి, మూతులు బయటికి పెట్టి, ఖాళీ రాయి వైపు చూస్తూ నిలబడ్డాయి. మామ వాటి వెనక నిలబడి, "ఓయ్, ఈడుండా! ఎనక్కి తిరగండే!" అని పిలిచారు. పిల్ల మొదట తిరిగింది. మామ నేల మీద కూలబడి దాని మెడ చుట్టూ చేతులు వేసి, బొచ్చులో ముఖం పెట్టుకున్నారు.

ఆ తర్వాత పడకా అక్కడే. నేను జావ తీసుకుపోయేదాన్ని. ఒక రోజు ఆపుకోలేక అడిగాను. "పిల్లా, ఆ పొద్దు ఆసుపత్రిలో నేను చెప్పింది తప్పేమో అడుగు."

మామ గొర్రె వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. చేతిలో జావ గిన్నెకేసి చూస్తూ చెప్పారు. "సూది ఒగటే అయింటే ఎన్నాళ్లుందునో నాకు దెల్దు, నీకు దెల్దు, ఆ డాక్టరుకూ దెల్దు. ఒగటి మాత్రం దెల్సు. నేను దొడ్లోనే ఉండింటే, కాలు మడుచుకున్న పిల్లను తీయడం నీకు ఈ జన్మకు వచ్చుండదు."

గిన్నె నాకు తిరిగిచ్చారు. అందులో సగం జావ అట్లాగే ఉంది.

ఇప్పుడు సాయంత్రం మంద తిరిగొచ్చాక తుమ్మకాయలు ఒళ్లో పోసుకుని నేనే పోతున్నాను. రాయి మీద కూర్చోవడానికి మనసు రాదు. మామ ఎదుట కూర్చున్నట్టే ఉంటుంది. రాయి పక్కన నేల మీద కూర్చుంటాను. ముళ్లకు చిక్కిన బొచ్చు గాలికి కదులుతుంటుంది. గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి సందుల్లోంచి మూతులు పెడతాయి. కాయలు నా చేతిలోంచే తింటాయి. నములుతున్నంతసేపూ చూపు మాత్రం నా మీద ఉండదు, పక్కనున్న రాయి మీద ఉంటుంది.