మెట్లక్క నాలుగో ఇల్లు

“చెప్పులు మీ గుమ్మం ముందే ఉన్నాయి మాస్టారూ! ఈ రెండు కళ్ళతో చూశాను. చూశాను గనకే నింపాదిగా వెళ్ళి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను!”

“చెప్పులుంటే పిల్ల ఉన్నట్టేనా? రేపు నా చెప్పులు మీ గుమ్మంలో కనిపిస్తే నేను మీ ఇంట్లో ఉన్నట్టా?”

“చాల్లెండి, ఈ వయసులో ఆ మాటొకటి. మా ఆయన వింటే పడీపడీ నవ్వుతాడు.”

“నవ్వుకోనీ. మెయిన్ రోడ్డు మీంచి పోలీసు పిల్లని ఎత్తుకొచ్చినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.”

కింద ఐదో మెట్టు మీద కూర్చుని మెట్లక్క టైలరమ్మకీ మాస్టారికీ మధ్య ఈ వాదనంతా వింటోంది. ఆవిడ అసలు పేరు ఆఫీసు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. చితికిపోయిన సంసారాల గడప తొక్కి, పిల్లలు తిన్నారా, బడికెళ్తున్నారా, వాళ్ళని చూసుకునే మనిషి ఉన్నారా అని కనుక్కోవడం ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఉద్యోగం. ఏ ఇంటికెళ్ళినా ముందు మెట్ల మీద కాసేపు కూర్చుంటుంది. “తలుపు కొట్టగానే అందరూ మంచివాళ్ళైపోతారు. ఇక నాకు తెలిసేదేముంటుంది?” అంటుంది. కొత్తలో అది ఆవిడ తెలివి. ఇప్పుడు అందులో సగం మోకాళ్ళ నొప్పి.

ఆ రోజుకి ఇది నాలుగో ఇల్లు. మొదటి ఇంట్లో ఎవరూ తలుపు తీయలేదు. రెండో ఇంట్లో తీసి మొహం మీదే వేశారు. మూడో ఇంట్లో ఒక ముసలమ్మ గంటసేపు చెయ్యి వదల్లేదు. ఇంత తిరిగాక ఎవరికైనా ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవాలనే ఉంటుంది. ఆవిడకీ ఉంది. ఆవిడ దేవతేం కాదు. కోపమొస్తే తలుపు తీయనివాళ్ళని వీధి చివరిదాకా తిట్టుకుంటూ పోతుంది.

కానీ రేపు పదకొండింటికి పిల్లల కమిటీ కూర్చుంటుంది. పై అంతస్తులో ఉండే ఇద్దరు ఆడపిల్లలు తండ్రి దగ్గరే ఉండాలా, హాస్టల్‌కి పోవాలా అన్నది అక్కడ తేలిపోతుంది.

తండ్రి ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాడు. మధ్యాహ్నం పన్నెండుకి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తాడు. తల్లి మనసు చెదిరి ఆరు నెలలుగా ఊరవతల వేరే ఆసుపత్రిలో ఉంది. తొమ్మిదేళ్ళ పెద్దది బడికెళ్తుంది. నాలుగేళ్ళ చిన్నదాన్ని పన్నెండు నుంచి చూడటానికి మనిషి కావాలి. ఆ మనుషుల్ని కూడగట్టింది మెట్లక్కే. పైన టైలరమ్మ, కింద ఒంటరిగా ఉండే మాస్టారు, ఎవరికి వీలైతే వాళ్ళు. కాగితం మీద వంతులు రాసి గోడకి అంటిస్తే వారం తిరక్కుండా ఎవరో దాని మీద పాల లెక్క రాశారు. దాంతో వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. చిన్నదాని ఎర్ర చెప్పులు ఎవరి గుమ్మం ముందుంటే ఆ పూట పిల్ల వాళ్ళింట్లో ఉన్నట్టు. పిలవక్కర్లేదు, అడగక్కర్లేదు. నాలుగు నెలలు బండి బ్రహ్మాండంగా నడిచింది.

మొన్న గురువారం పెద్దది ఆ చెప్పులు కడిగింది. ఆ బిల్డింగులో పొద్దున ఎండ పడేది మాస్టారి గుమ్మంలోనే. అక్కడ ఆరబెట్టి బడికి పోయింది. అంతే. మాస్టారు లోపల రేడియో పెట్టుకుని కూర్చున్నాడు. టైలరమ్మ చెప్పులు చూసి నిశ్చింతగా బ్లౌజులు కుట్టుకుంది. నాలుగేళ్ళ పిల్ల ఒట్టి కాళ్ళతో మూడు వీధులు దాటి బస్సులు తిరిగే చోటికి చేరింది.

మెట్లక్క మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. ఆవిణ్ణి చూడగానే ఇద్దరి గొంతులూ తగ్గాయి.

“ఎంతసేపైంది అక్కా వచ్చి?” అంది టైలరమ్మ.

“మాస్టారి చెప్పులు నీ గుమ్మం ఎక్కినప్పట్నించీ ఇక్కడే ఉన్నా.”

“అమ్మా, తప్పు నాదని రాసెయ్యండి,” అన్నాడు మాస్టారు. “నాకు పోయేదేముంది? పెన్షన్ ఆపరుగా.”

“ఆయనదెందుకు, నాదని రాయక్కా. అరగంటకోసారి కిందకి తొంగి చూస్తే నా సొమ్మేం పోయేది?”

ఇంతదాకా నీది నీదని కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు నాది నాదని ఎగబడుతున్నారు. ఇంకో రోజైతే మెట్లక్క నవ్వేదే. ఇవాళ ఆ ఓపిక కూడా లేదు. “మీరిద్దరూ ఇళ్ళకెళ్ళండి” అని పైకెక్కింది.

లాండ్రీ అతను కమిటీ పని ఉందని రెండు రోజులు సెలవు పెట్టాడు. ఒకటే గది. ఒక మంచం, గోడవార గ్యాస్ పొయ్యి, తాడు మీద నలిగిన యూనిఫారాలు. రోజుకి మూడొందల దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి ఇంట్లో ఇస్త్రీ బట్ట ఒక్కటి లేదు. పెద్దది పుస్తకం తెరుచుకుని కూర్చుంది గానీ పేజీ తిరగడం లేదు. చిన్నది కనిపించలేదు.

“అక్కా, రేపు మీరే ఎలాగో చెప్పి ఒడ్డెక్కించాలి,” అన్నాడతను నిలబడే. “నాకు వాళ్ళ ముందు నోరు పెగలదు.”

ఇదివరకు రెండుసార్లు అలాగే ఒడ్డెక్కించింది. కమిటీ వాళ్ళు పిల్లల గురించి ఏదడిగినా అతను మెట్లక్క మొహం చూసేవాడు, ఆవిడ చెప్పేసేది. తొందరగా తెమిలితే ఇంకో ఇంటికి పోవచ్చని ఆవిడ లెక్క. పోయినసారి బల్ల మీద ఫైల్లో తలకిందులుగా ఒక వాక్యం కనపడింది: తండ్రికి పిల్లల సంగతి ఏమీ తెలియదు. ఆ వాక్యం అక్కడికి ఎక్కడానికి కారణం తన నోరే అని ఆవిడకి తెలుసు.

“గురువారం నువ్వు పనికి వెళ్ళేప్పటికి చిన్నదెక్కడుంది?”

“మాస్టారింట్లో అనుకున్నా. చెప్పులు...”

“అనుకున్నది కాదు. ఎక్కడుంది?”

అతను పెద్దదాని వైపు చూశాడు. ఆ పిల్ల తల ఇంకా కిందకి వంచేసింది.

“మంచం కింద,” అన్నాడు. “నిద్రపోతోంది. ఆ వేళకి అక్కడే పడుకుంటుంది. వాళ్ళమ్మ చీరలు మూటగట్టి కిందకి తోశాను, అప్పట్నించి. దాని తల ఆ మూట మీదుంటేనే నిద్ర. రోజూ వంగి లేపి, మొహం కడిగి, ఎవరో ఒకరి దగ్గర దింపి పోతాను. ఆవేళ పొద్దున నాకూ నిద్ర పట్టేసి, లేచేసరికి లేటైంది. గుమ్మంలోంచి కింద చెప్పులు చూసి, పెద్దదే బడికి వెళ్తూ దింపేసిందనుకున్నాను. వంగి చూడలేదక్కా. తలుపు లాగి పరిగెత్తాను.”

మెట్లక్క వంగలేక మంచం పట్టుకుని నేల మీద కూలబడింది. చిన్నది అక్కడే ఉంది, మూట మీద చెంప ఆనించి, నోరు తెరుచుకుని.

“ఇంకా ఏం తెలుసు దీని సంగతి?”

“కుక్కర్ కూస్తే చెవులు మూసుకుంటుంది. ఎడమ చెవి పోటు. మందు చక్కెరతో ఇస్తేనే మింగుతుంది. కొత్తవాళ్ళు పేరడిగితే చెప్పదు.” అతను మంచం కిందకి చూశాడు. “పోలీసుకి కూడా చెప్పలేదట.”

“కింద వాళ్ళిద్దరూ తప్పు మీదేసుకుంటామంటున్నారు. విన్నావా?”

“విన్నా.”

“ఊరుకున్నావు.”

పెద్దది పుస్తకం మూసి, “నేనే కదా కడిగింది” అంది గొణుగుతూ. లాండ్రీ అతను ఒక్క అంగలో వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు. “నువ్వు కడిగావు తల్లీ. చూడంది నేను” అన్నాడు.

మెట్లక్క సంచీ సర్దుకుంది. తను ఉన్నదున్నట్టు రాస్తానని చెప్పింది. మాస్టారి పేరూ టైలరమ్మ పేరూ తప్పుల కింద రాయనంది. కమిటీ ఏమంటుందో తనకీ తెలియదు, మాట ఇవ్వలేనంది. లేవడానికి చెయ్యి చాచింది. అతను పట్టుకుని లేపాడు. ఆవిడ ఆ చెయ్యి వెంటనే వదల్లేదు.

“నాకొక్క సాయం చెయ్యి. రేపు అక్కడ ఏదడిగినా నా మొహం చూడకు. ఇందాక చెప్పావే, మంచం కింద మూట, చెవిపోటు, వంగి చూడకపోవడం, అదంతా నీ నోటితో నువ్వే చెప్పు. తడబడినా సరే, ఎంతసేపు పట్టినా సరే, నేను అందుకోను. నా వైపు మాత్రం తిరక్కు.”