అరటిదూట రంగు చర్మం

గోరంత దొరికితే కొండంత చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. పొద్దున్న నేను చెప్పిన రొయ్య సాయంత్రానికి మొసలైపోతుందని మా ఉప్పలగుప్తంలో అందరికీ తెలుసు. కనుక ఇందులో సగం తీసేసి చదవండి. దెయ్యాలనూ మహత్తులనూ మాత్రం నేనెప్పుడూ నమ్మలేదు. అల్లేవాడికి ఎదుటివాడి అల్లిక ఇట్టే తెలిసిపోతుంది కదా!

మా సత్యవతక్కకి గొంతు క్యాన్సర్ వచ్చింది. గోదావరి దాటి పెద్దాసుపత్రికి రోజూ కరెంటు పెట్టించడానికి తీసుకెళ్ళేవాణ్ణి. రేడియేషన్‌ని మావైపు అలాగే అంటారు. అక్కడి ఏసీకి, కూర్చున్నవాడు లేచేసరికి సగం ఐస్‌ఫ్రూట్ అయిపోయేవాడు.

మొదటిరోజే పక్క కుర్చీలో రూతమ్మ టీచరుగారు పరిచయమయ్యారు. రాజోలులో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడదీ గొంతు జబ్బే. అదే మిషను, అదే డోసు. మాటల మధ్య అక్క చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అన్నారు:

"మీకు బాగా మండుతుందండీ. నాకు మండదు."

పరీక్ష పేపరు ముందే చూసొచ్చినంత ధీమా. నాకు చిర్రెత్తుకొచ్చింది.

రెండో వారానికి అక్క మెడ మాడిన మినపట్టులా అయింది. టీచరుగారి మెడ పెళ్ళికూతురి మెడలా నిగనిగలాడుతోంది.

మొదట అక్కనే అనుమానించాను. మా కోనసీమ వాళ్ళకి దెబ్బకీ, దురదకీ, దిగులుకీ కొబ్బరినూనే మందు. కరెంటు పెట్టేచోట ఏమీ రాయొద్దని డాక్టరుగారు మరీమరీ చెప్పేరు. అయినా దొంగచాటుగా రాస్తోందేమోనని ఆవిడ దిండు వాసన చూశాను.

"ఏంట్రా, పోలీసు కుక్కలాగ?"

"నూనె రాశావా?"

"నీ మీద ఒట్టు, సీసా మూత కూడా తియ్యలేదు."

"ఒట్టు నా మీదెందుకే? నీ మీదే పెట్టుకో!"

తరవాత మిషను అబ్బాయిని అనుమానించాను. ఆ తరవాత, అక్క చెయ్యి పట్టుకున్న టీచరుగారి అరచేతిని. దానికేదో పూసుకొస్తున్నారని నా నమ్మకం. చివరికి డాక్టరుగారినే అడిగాను.

"ఒకే ఎండలో నిలబడ్డా అందరూ ఒక్కలా కందిపోరు కదండీ," అన్నారాయన. "ఇదీ అంతే. ఎవరికెంత కాలుతుందో ముందే చెప్పడం మావల్ల కాదండీ."

మరి టీచరుగారి వల్ల ఎలా అయింది?

ఇంతలో అక్క మంచం దిగనంది. "ఇంక నే రాన్రా. గుటక పడట్లేదు, మెడ తిరగట్లేదు. పోతే ఇంట్లోనే పోతాను."

మధ్యలో ఆపేస్తే జబ్బు మళ్ళీ విజృంభిస్తుందని డాక్టరుగారు ఎప్పుడో చెప్పేరు. బతిమాలాను, తిట్టాను, వినలేదు. అప్పుడు చెప్పాను, "టీచరుగారు ఫోన్ చేశారక్కా. ఆపొద్దన్నారు. కొత్త చర్మం అరటిదూటలా తెల్లగా వస్తుందన్నారు."

అక్క దుప్పటి పక్కకి తోసింది. "ఆవిడన్నారా?" అంది. లేచి చీర మార్చుకుంది.

ఆసుపత్రి గుమ్మంలోనే టీచరుగారు ఎదురయ్యారు. అక్క నోరు తెరవకముందే చెయ్యి పట్టుకుని, "ఆపొద్దండి. కొత్త చర్మం అరటిదూటలా తెల్లగా వస్తుంది," అన్నారు.

"ఆయ్, తమ్ముడు చెప్పేడండి," అంది అక్క.

టీచరుగారు నావైపు చూశారు. నవ్వలేదు.

అక్క కరెంటు పూర్తి చేసింది. మెడ మానింది. కొత్త చర్మం తెల్లగానే వచ్చింది. ఇప్పుడు పులుసన్నం తింటూ నన్ను తిడుతోంది.

ఇందులో నేను అచ్చంగా కల్పించింది ఒక్కటే, ఆ ఫోను. టీచరుగారు నాకెప్పుడూ ఫోన్ చెయ్యలేదు. ఆవిడ నంబరు నా దగ్గరా లేదు, అక్క దగ్గరా లేదు. అరటిదూట మాట అక్క మంచం పక్కన నిలబడి అప్పటికప్పుడు నేను అల్లింది. కారు దిగిందగ్గర్నుంచి గుమ్మం దాకా అక్క నా చెయ్యి వదల్లేదు.

నా అబద్ధం నాకంటే ముందు అక్కడికెలా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.