మావయ్య మోసిన మాట

నా చిన్నప్పుడు మా పక్కింట్లో బాణాల్లేని విల్లొకటి ఉండేది. ఇంచుమించు మనిషంత పొడుగు. దూదేకుల మావయ్య దాన్ని వసారా దూలానికి వేలాడగట్టి, కొయ్య గుండుతో దాని తీగను కొడుతుంటే ఆ మోత వీధి చివరిదాకా వినిపించేది. పాత పరుపుల్లో రాయిలా గట్టిపడిపోయిన దూది ఆ తీగ తగలగానే విడివడి, పోగులు పోగులుగా గాల్లోకి లేచి, నురగలా కుప్ప పడేది. నేనా, ఒక్కచోట నిలిచే పిల్లని కాను. వాళ్ళ వసారాకి కట్టిన తడిక దగ్గర మాత్రం సందులో కన్ను పెట్టి ఎంతసేపైనా నిలబడేదాన్ని. మావయ్య లోపలికి రానిచ్చేవాడు కాదు. నన్నే కాదు, కన్న కూతుర్ని కూడా రానిచ్చేవాడు కాదు.

దానికి కారణం ఊరందరికీ తెలుసు, ఒక్క ఆ కూతురికి తప్ప. కొన్నేళ్ళ కిందట మావయ్య భార్యకి మొహం ఉబ్బింది, తర్వాత కాళ్ళు ఉబ్బాయి. బండి కట్టుకుని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే మళ్ళీ ప్రాణంతో రాలేదు. ఏం జబ్బో ఎవరికీ తెలియలేదు. మిరపకాయల కళ్ళంలో తాలు ఏరుకుంటూ కూర్చున్న ఆడవాళ్ళు తమకు తోచిన కారణం తాము చెప్పుకున్నారు. ఇంట్లో పొద్దస్తమానం దూది ఏకుతుంటే ఆ నుసంతా పీల్చిందని, లోపల దూదికి నీరు పట్టి, వానలో తడిసిన పరుపులాగా ఉబ్బిపోయిందని అనుకున్నారు. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. ఏడుస్తూనే అన్నారు. కానీ ఆ మాట మావయ్య చెవిన పడింది, పడి అక్కడే ఉండిపోయింది.

తన చేతులతోనే భార్యను చంపుకున్నానని ఆయన నమ్మేశాడు. ఇక మిగిలింది ఒక్క కూతురు. ఆ పిల్లకి కూడా తన గాలి తగలకూడదని వసారాకు తడిక బిగించాడు. పరుపుల మధ్యే పడుకునేవాడు. స్నానం చేసి బట్ట మార్చుకుంటే తప్ప గడప దగ్గరికి వచ్చేవాడు కాదు. వచ్చినా గడప అవతలే కూర్చుని అన్నం తిని లేచిపోయేవాడు. ఆ కూతుర్ని నేను అక్కా అనేదాన్ని. అక్కని గుంటూరులో హాస్టల్లో పెట్టి పీయూసీ చదివించడానికి కూడా అదే కారణం. సెలవులకు వస్తే రాత్రిళ్ళు మా ఇంట్లో, నా పక్కన పడుకునేది. ‘నాయనకి నా మీద కోపమే మిగిలింది’ అని ఒకసారి నాతో అంది. కోపం కాదని విడమరిచి చెప్పే వయసు నాకు అప్పటికి రాలేదు.

ఆ ఏడాది క్రిస్మస్ సెలవులకు అక్క దిగులుగా వచ్చింది. వృక్షశాస్త్రం పరీక్ష పోయింది. చెట్ల పేర్లన్నీ నోరు తిరగని పొడుగు పేర్లు. పెరట్లో అటూ ఇటూ నడుస్తూ పాటలాగా వల్లె వేసేది. వినీ వినీ నాకే వచ్చేశాయి. మా కోళ్ళని ఆ పేర్లతో పిలుస్తుంటే మా నాయనమ్మ చీపురు తీసుకుంది. అక్కకి మాత్రం మర్నాటికి ఒక్కటీ గుర్తుండేది కాదు.

మా తాతయ్య చాలా ఏళ్ళు పాస్టరుగా చేసి, చూపు మందగించి ఇంటిపట్టున ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు, పాస్టర్లని తయారుచేసే వేదపాఠశాలలో ఆయనకి గ్రీకు నేర్పారట. బైబిల్లో కొత్త నిబంధనని మొదట రాసిన భాష అది. పగలంతా మిరప చేలో వంగి పనిచేసి సాయంత్రం ప్రార్థనకొచ్చే మా సంఘానికి గ్రీకుతో పనేముంది? ఆ చదువు అలాగే ఆయన లోపల ఉండిపోయింది. ఆ రోజు నులక మంచం మీద ఎండకి కూర్చుని అక్క వల్లింపు వింటూ ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపాడు.

‘అమ్మాయ్, ఆ మాట మళ్ళీ అను.’

‘ఫిలాంథస్, తాతయ్యగారూ. నేల ఉసిరి.’

‘గట్టిపడ్డ పరుపుని మీ నాయన ఏం చేస్తాడే? నెత్తిన పెట్టుకుని మోస్తాడా, ఏకుతాడా?’

‘ఏమో. నన్ను చూడనిస్తేగా’ అంది అక్క తల వంచుకుని.

 తాతయ్య నన్ను పంపించి చేను గట్టు మీద నుంచి నేల ఉసిరి మొక్క పీకించుకొచ్చాడు. మాటని కూడా అలా ఏకి చూడాలంటూ, గ్రీకులో ఫిల్లోన్ అంటే ఆకు, ఆంథోస్ అంటే పువ్వు అన్నాడు. రెమ్మ తిరగేసి చూడమన్నాడు. చూస్తే ఆకుల కింద వరసగా, ఆకుకే పూసినట్టు సన్నటి పూలు. అక్క నోరు తెరిచి నా వైపు చూసింది. ఆ మాటలో అంత సంగతి ఉందని తనకి ఎవరూ చెప్పలేదు.

ఆ వారమంతా నాకు పండగే. గట్ల వెంట తిరగడం, పీకడం, తాతయ్య ఒళ్ళో పొయ్యడం. తుమ్మి మొక్క తెస్తే దాని పేరు ల్యూకాస్ అని అక్క చెప్పింది. ల్యూకోస్ అంటే తెలుపని తాతయ్య పూలు తడిమి నవ్వాడు. నా పరికిణీ అంచుకు ఉత్తరేణి గింజలు పట్టుకుంటే మా అమ్మ తిట్టబోయింది. తాతయ్య అడ్డొచ్చి, అక్క చేత దాని శాస్త్రం పేరు చెప్పించి, దాని అర్థం పొట్టు పువ్వని విప్పి చెప్పాడు. కళ్ళంలో తూర్పారబడితే ఎగిరిపోయే పొట్టుకి బైబిలు వాక్యంలో అదే మాట ఉందట. పరికిణీ అంచున ఉన్నది నిజంగా పొట్టులాగే ఉంది. అమ్మ కూడా వంగి చూసింది, తిట్టడం మర్చిపోయింది.

అలా అన్నిటికీ చెప్పేస్తాడేమో అనుకున్నాం. ఒకరోజు అక్క పత్తి పేరు అడిగింది. గాసిపియం. తాతయ్య దాన్ని రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని తల అడ్డంగా ఊపాడు.

‘ఇది నాకు తెలీదమ్మాయ్. నా గ్రీకులో లేదు.’

‘ఏదో ఒకటి చెప్పండి తాతయ్యగారూ, రాసుకుంటా.’

‘తప్పు. ఊహించి చెప్తే నువ్వు దాన్ని నిజమనుకుని మోస్తావు.’

ఆ సమయంలో మావయ్య మా ఇంటి పరుపు బాగుచేసి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ వాకిట్లో దించి వెళ్ళిపోయేవాడు. ఆ వారమంతా మా పెరటి మాటలు తడిక అవతల నుంచి విన్నట్టున్నాడు, ఆ రోజు దించి కూడా కదల్లేదు. కనుబొమలకు, మీసానికి దూది పట్టుకుని ముసలివాడిలా కనిపించాడు. అక్కకి దూరంగా, గోడ వారన నిలబడ్డాడు.

‘అయ్యగారూ, నా కాడ ఒక మాట ఉంది. తెలిస్తే ఏకి పెట్టండి. తెలీకపోతే తెలీదనే చెప్పండి.’

‘చెప్పవయ్యా.’

‘నెఫ్రైటిస్.’

అక్క లేచి నిలబడింది. ఆ మాట నాయన నోట తను ఏనాడూ వినలేదు. మావయ్యే నెమ్మదిగా చెప్పాడు. ఆసుపత్రిలో డాక్టరు గారు మంచం దగ్గర నిలబడి ఆ ఒక్క మాట అని పక్క మంచానికి వెళ్ళిపోయారట. అంటే ఏంటని అడగడానికి నోరు రాలేదట. మర్చిపోతానేమోనన్న భయంతో, శవాన్ని ఎక్కించిన బండి వెనక నడుస్తూ, గుంటూరు నుంచి ఊరు చేరేదాకా దాన్నే పైకి అనుకుంటూ వచ్చాడట. ఊళ్ళో ఎవరినీ అడగలేదు. దూది మింగితే వచ్చే రోగం పేరు అదేనని తనలో తాను తేల్చేసుకున్నాడు.

తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదాలు కదులుతుంటే ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను. కాదు, ఏకుతున్నాడు.

‘నెఫ్రోస్. కొత్త నిబంధనలో ఒక్కచోటే వస్తుందా మాట. దేవుడు మనిషి లోపల వెతికి చూసే చోటు గురించి చెప్పేటప్పుడు. మూత్రపిండమయ్యా. వీపు వెనక, నడుముకి రెండు పక్కలా ఉంటాయి. ఆ మాట వెనకాల ఉన్న ఐటిస్ అనే తోక మాత్రం నాకు తెలీదు.’

అప్పుడు అక్క మాట్లాడింది. మెల్లగా, తడుముకుంటూ. హాస్టల్లో ఒక పిల్లకి టాన్సిలైటిస్ వచ్చిందట, గొంతులో గడ్డలు వాచాయట. వార్డెను గారికి అపెండిసైటిస్ అంటే అదీ పేగు దగ్గర వాపేనట. రెండిటికీ ఇదే తోక.

‘వాపు, తాతయ్యగారూ. మూత్రపిండాల వాపు.’

‘అవి చేసే పనేంది?’ అన్నాడు మావయ్య.

‘ఒంట్లో నీటిని వడగట్టి బయటికి పంపిస్తాయి నాయనా.’

‘చెడిపోతే ఆ నీళ్ళెక్కడికి పోతాయే?’

‘ఎక్కడికీ పోవు. ఒంట్లోనే ఉండిపోతాయి. మొహానికి, కాళ్ళకి...’

 మావయ్య ఇంకా అడగాల్సింది మిగిలే ఉన్నట్టు తాతయ్య వైపు చూశాడు.

‘మరి దూదో?’

‘ఈ మాటలో దూది పోగు ఒక్కటీ లేదయ్యా’ అన్నాడు తాతయ్య.

మావయ్య గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు. తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత పెద్దమనిషి భుజాలు అలా కదలడం నేను అంతకు ముందు చూడలేదు. భయమేసి తాతయ్య పంచె పట్టుకున్నాను. కాసేపటికి గుడ్డ లోపలి నుంచే అడిగాడు, ముందే తీసుకెళ్ళి ఉంటే బతికేదా అని. తాతయ్య నాకు తెలీదన్నాడు. దూది నుసి మంచిదని కూడా అనను, మూతికి గుడ్డ కట్టుకుని పనిచెయ్యి అన్నాడు. ఓదార్పుకి ఇంకో రెండు మాటలు అనొచ్చు కదా తాతయ్యా అని లోపల్లోపల నాకు కోపం కూడా వచ్చింది. తర్వాత తెలిసింది. తెలియనిదాన్ని తెలియదని చెప్పాడు కనుకనే, తెలిసి చెప్పిన ఆ ఒక్క మాటని మావయ్య నమ్మగలిగాడు.

అక్క వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. మావయ్య అలవాటు కొద్దీ పక్కకి జరగబోయాడు. అక్క చెయ్యి పట్టుకుంది. ఆయన కనుబొమల మీద దూదిని ఒక్కొక్క పోగే తీసి పారేసింది. ఈసారి ఆయన జరగలేదు.

ఆ సాయంత్రం తడిక తీసేశారు. మూతులకు తడిగుడ్డలు కట్టుకుని తండ్రి దూది ఏకుతుంటే కూతురు పరుపు గలేబు పట్టుకుని నిలబడింది. ఆ రాత్రి నా పక్క ఖాళీ. నాకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ ఎందుకో బాగుంది కూడా. సెలవులయ్యాక అక్క కాలేజీలో అడిగి ఆ మాటకి అర్థం అదేనని రూఢి చేసుకుని వచ్చి చెప్పింది. పరీక్ష కూడా గట్టెక్కింది. తాతయ్య ఆ మరుసటేడు మాకు దూరమయ్యాడు. శవపెట్టె వెనక నడిచినవాళ్ళలో మావయ్యా ఉన్నాడు.

నా చదువు ఎనిమిదో తరగతితోనే ఆగింది. పెళ్ళయి ఒంగోలు దగ్గరికొచ్చాను. నాకు గ్రీకు రాదు, ఇంగ్లీషూ అంతంతే. కానీ మొన్నామధ్య మా చంటిదానికి జ్వరమొస్తే డాక్టరు గారు ఒక పొడుగు మాట అని చీటీ చేతిలో పెట్టారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు లెమ్మని గోల. నేను లేవలేదు. ‘అంటే ఏంటండీ? ఎక్కడ, ఏమైందో మాకర్థమయ్యేలా చెప్పండి’ అన్నాను. ఆయన విసుక్కున్నారు, తర్వాత కుర్చీ ఇటు తిప్పి చెప్పారు. బయటికొస్తే ఒక ముసలావిడ బెంచీ మీద కూర్చుని ఏదో మాటని పెదాల మీద పదే పదే తిప్పుకుంటోంది. మనవడి జబ్బు పేరట. అదేమిటో ఆవిడకి తెలియదు. చంటిదాన్ని చంకనేసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి నడిచాను. ఈ ఊళ్ళో నన్ను నోరున్న మనిషంటారు. అననీ. నా కళ్ళ ముందు మాత్రం ఎవరినీ అర్థం కాని మాటతో ఇంటికి వెళ్ళనివ్వను.